రెండో పిలుపు

మా బావకి కొత్త ఉద్యోగం దొరికిందని తెలిసిన రోజున అక్క ఇల్లంతా నవ్వులతో నిండిపోతే, నేను మాత్రం ఓ మూల మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. నా మొహం చూసి అందరూ అసూయ అనుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. అప్పటికి నేను పని లేకుండా కూర్చుని నాలుగు నెలలైంది. గడ్డం గీసుకోవడం కూడా ఆదివారానికి ఆదివారమే. అలాంటివాడు ఇంకొకడి ఉద్యోగం సంగతి విని మొహం మాడ్చుకుంటే ఎవరైనా ఇంకేమనుకుంటారు?

నిజానికి అది అసూయ కాదు, భయం.

బావా నేనూ పన్నెండేళ్ళు ఒకే విమానం నడిపాం. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఒక ఆసామి సొంత విమానం అది, ఎనిమిది సీట్లది. బావ కెప్టెన్, కూర్చునేది ఎడమ సీటులో. నేను కో-పైలట్‌ని, కుడి సీటు. ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది కూడా బావే కాబట్టి విమానం నిలిపే హ్యాంగర్‌లో మెకానిక్కులు నన్ను 'బామ్మర్ది' అనే పిలిచేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఆ పిలుపుకే పలకడం అలవాటైపోయింది. ఒక పొద్దున సిమెంటాయన హ్యాంగర్‌కి వచ్చి, ఫోనులోంచి తలెత్తకుండానే, "విమానం అమ్మేశానయ్యా, శుక్రవారం వాళ్ళొచ్చి తీసుకెళ్తారు" అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. పన్నెండేళ్ళు ఆయన ప్రాణాలు మోసినవాళ్ళం మేం. ఆయన కారు డ్రైవరుకి ఆ సంగతి మాకంటే వారం ముందే తెలుసట.

ఏ పేపరు తిరగేసినా పైలట్ల కొరత, వేల ఉద్యోగాలు అని రాస్తుంటారు. రాసేవాళ్ళకేం పోయింది, దరఖాస్తు పెట్టుకునేది వాళ్ళు కాదుగా! కొరత ఉన్నది కెప్టెన్లకి. అందులోనూ పెద్ద విమానాల మీద వేల గంటలున్న కెప్టెన్లకి. కుడి సీటుకైతే లైసెన్సు చేత పట్టుకుని తిరిగేవాళ్ళు వీధికి నలుగురున్నారు. బావకి యాభై ఎనిమిది. యాభై అయిదు దాటినవాళ్ళని కొత్తగా తీసుకునేది లేదని ఎయిర్‌లైన్సు వాళ్ళు మొహం మీదే చెప్పేశారు. నాకు నలభై ఒకటి. వయసు సరిపోయింది గాని నా గంటలన్నీ చిన్న విమానం మీదవి, అవీ కుడి సీటులోవి. ఇంటర్వ్యూ గుమ్మం దాకా కూడా రానివ్వలేదు.

ఇక మా అక్క కూతురు పిట్ట సంగతి సరేసరి. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా కిచకిచలాడుతూ ఉండేదని నేనే పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది. ఎగిరిన గంటలు రాసుకునే దాని పుస్తకంలో ఉన్నవి రెండు వందల పది గంటలు. అయిదు వందలుంటే గాని ఎయిర్‌లైన్సులో దరఖాస్తు కూడా తీసుకోరు. ఉద్యోగం లేనిదే గంటలు రావు, గంటలు లేనిదే ఉద్యోగం రాదు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్టు తయారైంది దాని పరిస్థితి. రెండేళ్ళుగా ఒక కాల్ సెంటర్‌లో కూర్చుని, విమానం టిక్కెట్లు రద్దయినవాళ్ళ తిట్లు తింటోంది.

అలాంటి సమయంలో, అద్దె విమానాలు నడిపే ఒక కంపెనీకి సరిగ్గా మా రకం విమానం మీద కెప్టెన్ కావలసివచ్చాడు. బావ ఒక్కటే షరతు పెట్టాడు. కుడి సీటులో మా అమ్మాయి కూర్చుంటుంది అన్నాడు. వాళ్ళు మర్నాటికల్లా ఒప్పేసుకున్నారు. కెప్టెన్ దొరకడమే గగనమైన రోజుల్లో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకేం? పైగా తండ్రీకూతుళ్ళు ఒకే విమానంలో అని ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టుకున్నారు.

నా భయమంతా ఆ కుడి సీటు గురించే. కారణం చెప్పాలంటే ముందు మా పనిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. కాక్‌పిట్‌లో ఒకరు పైకి అడగాలి, రెండోవారు చూసి జవాబివ్వాలి. చక్రాలు? దిగాయి. వేగం? సరిగ్గా ఉంది. జవాబు రాకపోతే రెండోసారి పిలవాలి. అప్పుడూ రాకపోతే ఇక ఆలోచించకూడదు. 'విమానం నా చేతిలో' అని గట్టిగా చెప్పి తీసేసుకోవాలి. పక్కనున్నది కెప్టెనైనా కన్నతండ్రైనా అంతే. కిందికి దిగాక జరిగింది కాగితం మీద పెట్టాలి. ఆ కాగితంతో ఆ మనిషి డాక్టర్ల చేతిలో పడతాడు. వాళ్ళు సరేనంటే తప్ప మళ్ళీ గాల్లోకి లేవడు.

రెండేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, దిగడానికి వస్తున్నాం. "వెయ్యి అడుగులు" అన్నాను. బావ పలకలేదు. తల తిప్పి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎదుటి అద్దం వైపే చూస్తున్నాయి, కానీ చూపులో మనిషి లేడు. బొటనవేలు ఒకటే కదులుతోంది, స్టీరింగు మీద మరకేదో తుడుస్తున్నట్టు. నాలుగు సెకన్లు. రెండో పిలుపు నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. పిలిస్తే అది జరిగినట్టు, పిలవకపోతే జరగనట్టు. ఆయన చెప్పాల్సిన జవాబు నేనే చెప్పేసి, మునివేళ్ళతో విమానాన్ని దారికి సర్దాను. ఇంతలో బావ మామూలు గొంతుతో "దిగుతున్నాం" అన్నాడు.

ఆ తర్వాత నెలకోసారి వచ్చేది. పోనుపోను పదిహేను రోజులకోసారి. నేను ఆరితేరిపోయాను. ఆ వేలు కదిలిందంటే చాలు, నా చేతులు వాటంతటవే పనిలోకి దిగేవి. వెనక కూర్చున్న సిమెంటాయన చేతిలో కాఫీ తొణికేది కాదు. దాని గురించి బావా నేనూ ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఏమని మాట్లాడతాం? పైలట్‌ని డాక్టరు దగ్గరికి వెళ్ళమనడమంటే కొరివితో తల గోక్కోమనడమే. ఏటా జరిగే వైద్యపరీక్ష ఫారంలో 'ఎప్పుడైనా స్పృహ తప్పిందా?' అని ఒక ప్రశ్న ఉంటుంది. నా పక్కనే కూర్చుని బావ దానికి 'లేదు' అని టిక్కు కొట్టేవాడు, పెన్ను ఒక్క క్షణం ఆగకుండా. అంత నిబ్బరంగా అబద్ధమాడగలడని నేను కలలో కూడా అనుకోలేదు. లోలోపల మెచ్చుకున్నాను కూడా.

బావ మీద ప్రేమతో చేశానని చెప్పుకోవచ్చు. అక్క సంసారం కోసం అనీ చెప్పుకోవచ్చు. కానీ కెప్టెన్ లేని విమానానికి బామ్మర్దితో పనేముంది? ఆ లెక్క కూడా నా బుర్రలో ఉంది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

వాళ్ళిద్దరూ ఆ కంపెనీలో చేరి నెల తిరిగేసరికి, నేను ఆశ వదిలేసుకున్న ఒక ఎయిర్‌లైన్సు నుంచి నాకు కబురొచ్చింది. వచ్చి సిమ్యులేటర్‌లో పరీక్ష ఇమ్మన్నారు. సిమ్యులేటరంటే ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన గది. బయటికి పెద్ద నీళ్ళ ట్యాంకులా ఉంటుంది, లోపల కూర్చుంటే అచ్చం విమానమే. పరీక్ష పెట్టేది ఒక రిటైరైన కెప్టెనమ్మ. అరవై దాటిన మనిషి, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతోంది. ఆమె ఎడమ సీటులో కూర్చుంది, నేను నా కుడి సీటులో. ఇంజన్‌లో మంట పెట్టింది, ఆర్పాను. ఈదురుగాలి పెట్టింది, తట్టుకున్నాను. ఇక ఆఖరిసారి దిగుతున్నాం.

"వెయ్యి అడుగులు" అన్నాను.

ఆమె పలకలేదు. నా చేతులకి పని తెలుసు. ఆమె జవాబు నేనే చెప్పాను. వేగం సర్దాను, చక్రాలు చూశాను, దానికీ నేనే అడిగి నేనే బదులిచ్చాను. నేలకి తగిలినట్టు కూడా తెలియకుండా దింపాను. దింపి, ఎలా ఉందన్నట్టు ఆమె వంక చూశాను. ఆవిడ మొహంలో మెప్పు లేదు. చాలాసేపు నా చేతుల వైపే చూసింది.

పక్కన చిన్న గదిలో, ఒక బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం.

"నేను స్పృహ తప్పినట్టు నటించాను. మీకు తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

"ఎప్పుడు?"

"వెంటనే."

"మరి రెండోసారి పిలవలేదేం?"

బల్ల మీదున్న నా చేతుల్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఇక్కడ చాలామంది తప్పుతారు. కంగారుపడతారు, అరుస్తారు. నా భుజం పట్టుకుని కుదిపేసినవాళ్ళూ ఉన్నారు. అదంతా నేర్పిస్తే పోతుంది. మీకు అసలు కంగారే లేదు. నా మాటలు కూడా మీరే చెప్పేశారు." ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంత చక్కగా చెయ్యడం ఒక్కరోజులో రాదు బాబూ. ఎవరాయన?"

"ఎవరూ లేరండీ."

"ఇంకా ఎగురుతున్నారా?"

"లేదండీ, రిటైరైపోయారు."

ఆ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగవని నాకు చెప్పాకే తెలిసింది. ఆమెకి వింటుండగానే తెలిసి ఉంటుంది.

"సరే, రేపు పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ రండి. రెండోసారి పిలవండి, పాసైపోతారు. మాకూ మనుషులు కావాలి." తన నంబరున్న కార్డు నా వైపు జరిపింది. "ఆయన రిటైర్ కాకపోతే మాత్రం నాకు చెప్పండి. కానీ అప్పుడు మీ సంగతి కూడా రాయాల్సొస్తుంది. ముందే చెప్తున్నా, తర్వాత అనుకోవద్దు."

మర్నాడు రెండుసార్లు పిలిచాను. 'విమానం నా చేతిలో' అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. శనివారానికల్లా ఉత్తరం వచ్చేసింది. జీతం, యూనిఫాం కొలతలు, చేరాల్సిన తేదీ, అన్నీ ఉన్నాయి అందులో. ఇన్ని నెలల తర్వాత ఆదివారం కాని రోజున గడ్డం గీసుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాను. నాకు ఉద్యోగం వచ్చేసింది కాబట్టి ఇక నాకు పోయేదేమీ లేదు. బావని నెమ్మదిగా ఒప్పించాలి, ఎవరికీ చెప్పకుండా తనంతట తానే మానుకునేలా చెయ్యాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అదీ నా పథకం.

అక్క సంబరానికి అంతులేదు. నా బుగ్గలు పుణికి, టీ పెట్టి ఇచ్చి, బట్టలు ఆరేస్తానంటూ బాల్కనీలోకి వెళ్ళింది. భోజనాల బల్ల దగ్గర బావ, పిట్ట, నేను మిగిలాం. బావ కప్పు చేతిలోకి తీసుకుని నవ్వాడు.

"ఏరా బామ్మర్దీ, పెద్ద విమానమెక్కేశావన్నమాట. ఇక మాలాంటి టాక్సీవాళ్ళు నీ కంటికి ఆనతారా?"

"నీ డ్యూటీ ఎప్పుడు బావా?"

"రేపే, పొద్దున ఏడింటికి. ఒక ఫ్యామిలీ, ఆరుగురు. అందులో ఇద్దరు పిల్లలట. పిట్ట వాళ్ళకోసం చాక్లెట్లు కూడా కొంది."

"బావా, ఒక మాట చెప్తా, కోప్పడకు. నువ్వు రేపు వెళ్ళొద్దు. మంచి డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా. నీకు…"

ఆగిపోయాను. బావ బొటనవేలు కప్పు అంచు మీద కదులుతోంది.

కప్పు ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. టీ అంచుదాకా వచ్చింది. పిట్ట ఫోను చూసుకుంటోంది. అది తల కూడా ఎత్తలేదు. ఎడమ చెయ్యి చాపి తండ్రి వేళ్ళ మధ్యనుంచి కప్పు తీసేసి బల్లకి ఆ చివర పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. అదే ఊపులో, ఆయన బదులు, అచ్చం వాళ్ళ నాన్న మాట్లాడే తీరులో, "అలాగేలేరా, చూద్దాంలే" అంది.

అలాంటి పని ఒక్కరోజులో రాదు.

"ఎప్పట్నించే నీకు తెలుసు?"

పిట్ట ఫోను కింద పెట్టింది. "నన్నడుగుతావేం మావయ్యా? అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలీదా?"

"ఎన్నిసార్లు?"

"నెలన్నరలో ఏడు. నేను చూసుకున్నాగా, ఏం కాలేదుగా?"

"రెండోసారి పిలిచావా?"

"నువ్వు పిలిచావా?" దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకింకా రెండొందల యాభై గంటలు కావాలి మావయ్యా. ఏడాది కూడా పట్టదు. అయిదొందలు దాటగానే నేనే నాన్నని దింపేస్తా, ఒట్టు. మళ్ళీ ఆ కాల్ సెంటర్‌కి నేను వెళ్ళలేను. ఆయనకీ ఈ ఉద్యోగం తప్ప ఇంకేముంది చెప్పు? నాలుగే సెకన్లు. నాలుగు సెకన్లు నేను పట్టుకోగలను."

"నాలుగేనా?" అన్నాను.

అప్పుడు ఇద్దరం ఒక్కసారే బావ వైపు తిరిగాం. ఈ మాటలన్నీ ఆయన ఎదురుగానే అనుకున్నాం. ఆయనింకా రాలేదు. కప్పు లేని వేళ్ళు అలాగే వంగి ఉన్నాయి. వేలు గాలిలో రాస్తూనే ఉంది. బాల్కనీలో అక్క తడిబట్ట దులిపిన చప్పుడు వినిపించింది. గోడమీద గడియారంలో ముల్లు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాం. పిట్ట మెల్లగా, చిన్నపిల్లలా, "నాన్నా" అంది. ఆయన పలకలేదు. అది రెండోసారి పిలవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జేబులోంచి ఫోను తీశాను. ఆ కార్డు నా పర్సులోనే ఉంది. యూనిఫాం కొలతలు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. దాన్ని తలుచుకుని ఒక్క క్షణం ఆగాను కూడా. తర్వాత రేపటి విమానంలో ఎక్కబోయే ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. కుడి సీటులో ఈ పిల్ల, దాని చేతులకి అలవాటైపోయిన ఆ నేర్పు గుర్తొచ్చాయి. ఆ నేర్పు చివర ఏముందో నాకు కళ్ళకి కట్టినట్టు కనబడింది.

రెండు రింగులకే ఆమె ఎత్తింది.

"మేడమ్, నేను అబద్ధం చెప్పాను. ఆయన రిటైర్ కాలేదు. రేపు పొద్దున ఏడింటికి ఎగురుతున్నారు. మా బావే."

పిట్ట లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడిపోయింది. నా చేతిలోంచి ఫోను లాక్కోబోయి, ఏమనుకుందో, అక్కడే నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. అవతల కెప్టెనమ్మ ఒక్కొక్కటే అడుగుతోంది. విమానం రకం, కంపెనీ, ఎన్నాళ్ళనుంచి. నేను చెబుతున్నాను. రెండేళ్ళు అన్నాను. తెలిసీ దాచాను అన్నాను. ఆమె అంతా రాసుకుని, "ఉద్యోగం సంగతి ఇక నా చేతిలో లేదు బాబూ" అంది. తెలుసన్నాను.

ఫోను పెట్టేసి చూస్తే బావ నన్నే చూస్తున్నాడు. ఎప్పుడు తిరిగొచ్చాడో తెలియదు. మొహంలో ఇంకా ఆ నవ్వు తాలూకు మిగులు ఉంది.

"ఎవరితోరా? ఎవర్ని గురించి? కుర్చీ పడేసిందేంటి ఇది?"

చెప్పేశాను. నసగకుండా, మొదటి మధ్యాహ్నం దగ్గర్నుంచి ఇప్పుడు ఈ బల్ల దాకా అంతా చెప్పాను. బావ మొదట నవ్వాడు. నేను వేళాకోళమాడుతున్నాననుకున్నాడు. "చాల్లే, వెళ్ళు" అని పిట్ట వైపు చూశాడు, అది కూడా నవ్వుతుందని. అది నవ్వలేదు. చేతిలో ఉండాల్సిన కప్పు బల్లకి ఆ చివర కనబడింది. దాన్ని చూశాడు, తన వేళ్ళని చూసుకున్నాడు. రంగు మారిపోయింది మొహం.

"నాకు తెలీదురా" అన్నాడు.

కొట్టడానికి వస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. ఈ మాట మాత్రం ఊహించలేదు. రెండేళ్ళు ఆయన గుట్టు కాపాడుతున్నాననుకున్నాను. ఆ గుట్టు ఆయనకే తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎవరు పిలిచారు గనక? ఆ ఫారంలో పెన్ను ఆగకుండా రాసిన 'లేదు' ఆయన నమ్మి రాసిన నిజం. మొదటి రోజే గట్టిగా పిలిచి ఉంటే, అప్పుడే వైద్యానికి వెళ్ళేవాడేమో. నెలకోసారి వచ్చేది ఇంతదాకా వచ్చేది కాదేమో.

"అమ్మ తోడురా, నాకు తెలీదు. ఒక్కసారి చెప్పుంటే నేనే దిగిపోయేవాణ్ణి కదరా. నా కూతుర్ని పక్కన కూర్చోపెట్టుకుంటానా?"

పిట్ట నేలమీద కూలబడి ఏడుస్తోంది. బావ దాని తలమీద చెయ్యి వేశాడు గాని చూపు నా మీదే ఉంది. ముప్పై ఏళ్ళు విమానాలు నడిపిన మనిషి, నా దగ్గర జవాబుంటుందన్నట్టు అడిగాడు.

"ఈ రెండేళ్ళలో నేను దింపినవి ఎన్నిరా? నువ్వు దింపినవి ఎన్ని?"

"లెక్కపెట్టలేదు బావా" అన్నాను.